ఊట పెసర ఎరిగిన మనిషి

మొన్న ఆదివారం చంద్రపూర్ తుకుం మార్కెట్‌లో ఒకావిడ మెంతికట్ట నుంచి ఓ రెమ్మ తుంచి, నోట్లో వేసుకుని నమిలి, మొహం చిట్లించి పక్కకు ఉమ్మేసింది. కూరగాయలమ్మే అతను మరాఠీలో గయ్‌మని లేచాడు. ఈవిడా తగ్గలేదు. వాళ్ల తగాదా నాకెందుకు? అయినా సంచీ పట్టుకుని దారికి అడ్డంగా నిలబడిపోయాను. వెనకనున్న స్కూటరతను హారన్ కొట్టి కొట్టి, చివరికి తిట్టాడు. ఏ మొక్కనైనా నమిలి చూస్తే గానీ నమ్మని మనిషి ఒకామె నాకు తెలుసు. ఈ ఆగస్టులో పోయింది.

ఆమెకో పేరుంది. ఇక్కడ రాయను. ఆ పేరు ఒకసారి నా రిపోర్టులో రాసి ఆమెకు చేసిన మేలు చాలు.

నాది మంచిర్యాల వైపు. మహారాష్ట్రలో గడ్‌చాందూర్ దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పర్యావరణ విభాగంలో ఉద్యోగం. విభాగమంటే పెద్దగా ఊహించుకోకండి. నేను, ఒక కంప్యూటరు, సగం రోజులు పనిచేయని ప్రింటరు. ఫ్యాక్టరీ చేతిలో ఉన్న భూమిలో అరుదైన మొక్కలేమైనా ఉన్నాయేమో చూసి రాయమన్నారు. నేను చదివింది రసాయనశాస్త్రం. వేపకూ కరివేపకూ తేడా తెలియడమే నాకు గొప్ప. చంద్రపూర్‌లో ఒక కాలేజీ మాస్టారిని అడిగితే, "నన్నడిగి లాభం లేదు. మా ల్యాబ్‌లో అటెండరుగా చేసి రిటైరైన ఆమె ఉంది, ఆమెను అడగండి. మాకందరికీ మొక్కలు నేర్పింది ఆమే. బాబుపేట్‌లో ఉంటుంది, మీ తెలుగావిడే" అన్నాడు.

వెళ్లాను. గుమ్మం ముందు గనిలో వేసుకునే రబ్బరు బూట్లు ఆరబెట్టి ఉన్నాయి. ఇంట్లో మగవాళ్లెవరో ఉన్నారనుకుని "అన్నా" అని పిలిచాను. పొట్టిగా, సన్నగా, నెరిసిన జుట్టు ముడేసుకున్న ఆమె బయటికొచ్చింది. బూట్లు ఆమెవే. భర్త బొగ్గుగనిలో చేసేవాడట. ఆయన పోయాక ఆ బూట్లలో గుడ్డపీలికలు కుక్కి ఈమె వేసుకుంటోంది. చీర ఎగదోపి, ఆ బూట్లతో బురదలో టపటపా నడుస్తుంటే వెనక నా నడక చాలేది కాదు.

"మీరు తొవ్వెటోళ్లా సారూ, కాపాడెటోళ్లా?" అని అడిగింది ఆ మొదటి రోజే.

"రెండూ" అన్నాను.

"గట్లెట్లయితది?" అని నవ్వి చాయ్ పెట్టింది.

ల్యాబ్‌లో ఆమె పని మొక్కలను పాత పేపర్ల మధ్య అదిమి ఆరబెట్టడం, అట్టలకు అతికించడం. శాస్త్రీయ నామం మాస్టార్లు రాసేవాళ్లు. అట్ట కింది మూలన ఆమె పెన్సిలుతో తెలుగు పేరు రాసేది, మరాఠీ అక్షరాల్లో. బడిలో ఆమెకు వచ్చింది ఆ అక్షరాలే. తెలుగు బైబిలు ఒళ్లో పెట్టుకుని కీర్తనలు గడగడా చెప్పేది గానీ అది చదవడం కాదు, అంతా నోటికి వచ్చిందే. నేను తెలుగులో ఏదన్నా రాసిస్తే కళ్లద్దాలు సర్దుకుని కాసేపు చూసి, "ముత్యాలోలె ఉన్నయి గాని నాకు అక్కెరకు రావు" అనేది.

ప్రాక్టికల్ పరీక్షల రోజు ఆమె గోడకేసి తిరిగి నిలబడేదట. టేబుల్ మీద పెట్టిన మొక్క పేరు తోచని పిల్లలు ఆమె మొహంలోకి చూసేవాళ్లు. తప్పు చెబితే ఆమె కనుబొమలు లేచేవి. ఒప్పు చెబితే పెదవి కదిలేది. ఎంత బిగపట్టుకున్నా ఆగని మొహం. రెండు మూడేళ్లు చూసి ఆమే ఆ ఉపాయం కనిపెట్టుకుంది. "నా మొకానికి అబద్ధం రాదు పిలగా, ఏం జెయ్యాలె" అని చెప్పింది. నలుగురిలో నన్ను సారూ అనేది. మేమిద్దరమే ఉంటే పిలగా. నాకప్పటికే నలభై దాటాయి. నేను పెద్దమ్మా అనేవాణ్ణి.

ఆమె నన్ను మా ఫ్యాక్టరీ భూమిలోని ఒక బీడుకు మొదటిసారి తీసుకెళ్లింది వానలు వెనకపట్టిన రోజుల్లో. కోర్పనా దారికి లోపలగా, పాత సున్నపురాయి క్వారీ కింద, రెండెకరాలు కూడా ఉండదు. రాతి సందుల్లోంచి ఊట దిగి డిసెంబరు దాకా నేల చిత్తడిగా ఉంటుంది. ఎండాకాలం వచ్చేసరికి పైన తెల్లగా చౌడు పూస్తుంది. ఒకప్పుడు ఆ మన్ను ఎత్తుకుపోయి బట్టలుతికేవాళ్లట. అక్కడ పత్తి పండదు, జొన్న పండదు. నా కళ్లకు ఎందుకూ పనికిరాని నేల. ఆమె పుట్టింది ఆ పక్క ఊళ్లోనే. చిన్నప్పుడు గొడ్లను కాసింది ఆ బీడులోనే.

గొంతుక్కూర్చుని, గడ్డి పక్కకు తీసి చూపించింది. నేలబారుగా పాకే సన్నటి తీగ, మూడేసి ఆకులు, గోరంత పసుపు పువ్వు, నూగున్న కాయ. "ఊట పెసర" అంది. మనం తినే పెసలకు అడవిలో మిగిలిపోయిన చుట్టం. తర్వాత యూనివర్సిటీ వాళ్లు వచ్చి చూసి, ఇది తడి ఉన్న చౌడు నేలల్లో తప్ప బతకదనీ, అలాంటి నేలలను దున్నేసో పూడ్చేసో పోగొట్టుకున్నాం కాబట్టి ఇంకెక్కడ మిగిలిందో చెప్పడం కష్టమనీ అన్నారు. వాళ్ల మొహాలు వెలిగిపోయాయి. ఆ రోజు ఆమె మాత్రం ఒక ఎండుకాయ చిట్లించి, ఆవగింజ కన్నా కాస్త పెద్ద నల్లగింజను నా చేతిలో పెట్టింది.

"కొరుకు."

కొరికాను. దవడ పన్ను జివ్వుమంది.

"ఇరగది. నీళ్లు గూడ లోపటికి పోవు. గొడ్డు తొక్కాలె, తోలు గీసుకపోవాలె, బురదల నానాలె. అప్పుడు కండ్లు తెరుస్తది" అని, నా అవస్థ చూసి పకపకా నవ్వింది.

మొక్కల గురించి ఇరుగుపొరుగు ఆడవాళ్ల గురించి చెప్పినట్టే చెప్పేది. గీమెకు నీడ పడది. గీమె పక్కన ఎవలన్న ఎత్తుగ పెరిగితే అలుగుతది. మరుసటి ఏడు తొలివానలకు నన్ను మళ్లీ పిలిచి, బురదలో కూర్చోబెట్టి, "పువ్వు పూసినంక ఎవలైన గుర్తువడ్తరు, కలెక్టరు సాబు గూడ గుర్తువడ్తడు. రెండాకులప్పుడు గుర్తువట్టాలె" అంది. పక్కపక్కనే నాలుగు రకాల మొలకలు. నాకన్నీ ఒకటే. నమిలి చూడమంది. అన్నీ పచ్చి వాసనే. మోకాళ్లు పట్టేశాయి. వచ్చే ఏడు నేర్చుకుంటాలే పెద్దమ్మా అని లేచాను. నాకు అవతల కంచె పని ఉంది.

కంచె నా ఆలోచనే. సిమెంటు స్తంభాలు, ముళ్లతీగ, తాళం వేసిన గేటు, మరాఠీలో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి బోర్డులు. పని పూర్తయ్యాక ఆమెను జీపులో తీసుకెళ్లి చూపించాను. చుట్టూ తిరిగి వచ్చి అడిగింది.

"గొడ్లకు తలుపేది?"

"గొడ్లు రావద్దనే కదా పెద్దమ్మా కంచె!"

"వానల్ల ఎవడు తోల్తడు? కాళ్లు దిగవడ్తయని ఊరోళ్లే తోలరు. దీపావళి దాటినంక తోల్తరు. అప్పటికి దీని కాయ రాలి ఉంటది. గొడ్లు గడ్డి తింటయి, గింజను తొక్కుతయి, పోతయి. మా తాత కాలం సంది గిదే. నువ్వు ఏడాదంత మూసిపెడ్తే గడ్డి పెరిగి దీన్ని మింగుతది."

నేను వినలేదు. నేను చదివిన కాగితాల్లో గొడ్లంటే మొక్కలకు శత్రువులు. పైగా, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, చిన్నప్పుడు గొడ్లు కాసిన మనిషి కాబట్టి గొడ్ల పక్షం మాట్లాడుతోందనుకున్నాను.

ఆ ఏడు బీడంతా పసుపుపచ్చగా పూసింది. ఫోటోలు తీశాను. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. ఆమెకు ఫోన్ చేసి "చూశావా పెద్దమ్మా" అన్నాను. "చూసిన. ఇంక రెండేండ్లు ఆగు" అంది. నాకు ఒళ్లు మండింది.

రెండో ఏడు గడ్డి నడుము దాకా లేచింది. ఎండి, వాలి, నేలను పరుపులా కప్పేసింది. మూడో ఏడు పువ్వుల కోసం గడ్డి పాయలు తీసి వెతకాల్సి వచ్చింది. నాలుగో ఏడు వెతికినా దొరకలేదు. ఆమె ఏటా వచ్చింది. ఏటా తలుపు తియ్యమంది. మధ్యలో ఒకసారి కంచె దూరి వచ్చిన రెండు ఆవులను సెక్యూరిటీ వాళ్లు బందెలదొడ్డికి తోలిస్తే, ఆ కాగితం మీద నేనే సంతకం చేశాను. రిపోర్టుల్లో మాత్రం ప్రతి ఏడూ మొదటి ఏడాది ఫోటోలే పెట్టాను. కింద 'సంరక్షిత ప్రాంతం' అని రాసేవాణ్ణి. అది అబద్ధం కాదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కంచె ఉంది కదా.

నాలుగో ఏడే పై నుంచి తనిఖీ పడింది. రిపోర్టులో 'స్థానిక సంరక్షకురాలు' అని ఆమె పేరు రాశాను కాబట్టి ఆమె కూడా ఉండాలన్నారు. బాబుపేట్ వెళ్లి రమ్మని అడిగాను. మొక్క లేదన్న సంగతి చెప్పాను. నా ఉద్యోగం మీదికి వస్తుందని నోటితో చెప్పలేదు. కానీ నీళ్లు నమలడం ఆమె చూసే ఉంటుంది.

వచ్చిన అధికారి మంచివాడు. నడుమెత్తు పచ్చగడ్డి చూసి ముచ్చటపడ్డాడు. ఆమె వైపు తిరిగి మరాఠీలో, "మావశీ, ఆ మొక్క ఎలా ఉంది? ఉందా?" అని పిన్నిని అడిగినట్టు ఆదరంగా అడిగాడు. ఆమె నన్ను చూడలేదు, అతణ్నీ చూడలేదు. క్వారీ గోడ వైపు తిరిగి నిలబడింది.

"ఆహే సాహేబ్" అంది. "ఉన్నది. నేల కింద ఉన్నది" అని మరాఠీలోనే చెప్పింది.

అధికారి ఎంత బాగా చెప్పింది అన్నట్టు తలూపి, రాసుకున్నాడు. నా ఉద్యోగం నిలబడింది.

ఆమె జీపెక్కనంది. గడ్‌చాందూర్ స్టాండులో ఎస్టీ అనే సర్కారు బస్సెక్కింది. నేనూ ఎక్కి పక్కన కూర్చున్నాను. రాజురా దాటేదాకా కొంగు మొహాన వేసుకుని కిటికీ వైపే తిరిగి ఉంది. వార్ధా నది వంతెన మీదికి వచ్చాక మాట్లాడింది.

"పిలగా, నేను అబద్ధమాడిన."

"కాదు పెద్దమ్మా. గట్టి గింజలు ఏళ్ల తరబడి నేలలో ఉంటాయి. శాస్త్రం కూడా..."

"నీ శాస్త్రం సల్లగుండ! ఉన్నదని నాకు ఎరుకుండి అన్ననా? నీ నౌకరి కోసమని అన్న. నీ పిల్లలు యాదికొచ్చి అన్న." గొంతు తగ్గించి అంది. "మొలిస్తే నా మాట నిజమైతది. మొలవకుంటే అబద్ధమైతది. అది తేలేదాక నేను బల్ల ముట్ట."

వాళ్ల చర్చిలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం. మనసులో దోషం పెట్టుకుని దాన్ని ముట్టుకుంటే శిక్ష తిన్నట్టేనని వాళ్ల నమ్మకం. పెళ్లయిన నాటినుంచి ఆమె ఒక్క నెల తప్పిపోలేదట. భర్త శవం ఇంట్లోంచి వెళ్లిన వారం కూడా వెళ్లిందట. నేను ఆ దేవుణ్ణి నమ్మేవాణ్ణి కాదు. కానీ ఒకటి మాత్రం అర్థమైంది. ఆమె నోటి దగ్గరి రొట్టె నేను లాగేశాను.

దీపావళి మర్నాడే కంచె పీకించాను. ఆఫీసు కాగితంలో మరమ్మతు అని రాశాను. కంచె పోయింది సరే, గొడ్లు రాలేదు. నెల గడిచినా రాలేదు. ఇద్దరం ఊళ్లోకి వెళ్లాం. గొడ్లు కాసే ముసలాయన ఇంటి ముందు కూర్చుని తాడు పేనుతున్నాడు. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"మా ఆవులను బందెల పెట్టిచ్చినోడు గీయనే కద?" అని ఆమెను అడిగాడు.

"గీయనే."

"ఒకదాన్ని అప్పుడే అమ్ముకున్న. మల్ల తోల్తే మల్ల పట్టుకుంటరు. మాకెందుకు?"

నేను క్షమాపణ లాంటిదేదో అనబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "అన్నా, తప్పు గీయనది. అవుసరం నాది. గీసారి గొడ్లను పట్టుకుంటే వాటి బదులు నన్ను బందెల పెట్టుమను. వొస్త."

ముసలాయన చాలాసేపు తాడే పేనాడు. ఆ మరుసటి వారం పదకొండు గొడ్లు బీడులోకి దిగాయి. చలికాలమంతా సెలవురోజుల్లో వెళ్లి చూసేవాణ్ణి. పేడకడిని చూసి సంతోషపడిన ఉద్యోగి మా ఫ్యాక్టరీలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. హోలీ నాటికి పరుపులాంటి ఎండుగడ్డి పోయి, డెక్కల గుంటలతో నల్లటి నేల బయటపడింది. ఆమె వచ్చి బూటు మడమతో మట్టిని రెండుచోట్ల నొక్కి చూసి తలూపింది.

మే నెలలో ఆమె పడిపోయింది. గుండె బలహీనపడింది, కాళ్లు వాచాయి. దవాఖానలో పది రోజులుంచి ఇంటికి పంపారు. వానలు పడగానే బీడుకు తీసుకుపొమ్మంది. మంచం దిగొద్దన్నారు డాక్టర్లు. నడవలేకపోయేది కాబట్టి పాస్టరయ్యే రొట్టె పట్టుకుని ఇంటికి వచ్చేవాడు. ఆమె వద్దని చెయ్యి ఊపేది. ఓసారి ఆయన నన్ను బయటికి పిలిచి, "గంత పాపం ఏం చేసిందంటరు సార్? మీకేమన్న చెప్పిందా?" అని అడిగాడు. "చేసింది ఆమె కాదండి" అన్నాను. అంతకన్నా వివరంగా చెప్పే ధైర్యం లేకపోయింది.

జులై మొదట్లో ఒక శుక్రవారం ఒక్కణ్ణే బీడుకు వెళ్లాను. వాన వెలిసింది. నేలంతా పచ్చటి మొలకలు. ఏవి ఏవో నాకేం తెలుసు? పువ్వు ఉంటే నేనూ గుర్తుపడతాను, కలెక్టరు లాగే. అటూ ఇటూ తిరిగి, ఊట పెసర అని నేను అనుకునేది ఏదీ కనిపించక, వచ్చినందుకు గుర్తుగా నాలుగు ఫోటోలు తీసుకుని తిరిగొచ్చాను. శనివారం సాయంత్రం బాబుపేట్ వెళ్లాను.

"ఏమన్న మొలిచిందా పిలగా?"

"ఇంకా లేదు పెద్దమ్మా. ఏవేవో పిచ్చి మొలకలు."

"ఫోన్ల ఉన్నయా? సూపియ్యి."

ఆమెకు మందుల మగత. కళ్లు నీళ్లు కారుతున్నాయి. ఈ చిన్న తెరలో పచ్చటి గజిబిజిని చూపించి ఆమెను హింసపెట్టడమెందుకు అనుకున్నాను. దాన్నే దయ అనుకున్నాను.

"అందులో ఏమీ లేదు పెద్దమ్మా. పూత వచ్చాక చూపిస్తా, పడుకో" అన్నాను.

"సరే తియ్యి" అంది. ఇంకోసారి అడగలేదు.

ఆగస్టులో ముసురు పట్టిన రోజు ఆమెను మట్టిలో పెట్టారు. పాస్టరయ్య ప్రార్థన చేసి, వాన చప్పుడులో ఎవరికీ వినబడకుండా నా పక్కకు వచ్చి, "బల్ల తీసుకోకుంటనే పోయింది సార్" అన్నాడు. నేను పిడికెడు మన్ను వేసి వచ్చేశాను.

అక్టోబరు సగంలో మళ్లీ బీడుకు వెళ్లాను. వెళ్లాలని లేదు, వెళ్లకుండా ఉండలేను. కంచె స్తంభం పీకిన గుంట పక్కన గోరంత పసుపు పువ్వు. ఇంకో అడుగు అవతల ఇంకొకటి. మోకాళ్ల మీద పాకుతూ లెక్కపెట్టాను. పదిహేడు తీగలు. పెద్దమ్మా అని పైకే అరిచాను. ఆమె చెప్పింది నిజం. నేల కింద ఉంది. అంతసేపూ ఉంది. ఆ సంతోషంలో అక్కడే బురదలో కూర్చుని ఏడ్చాను.

అప్పుడు ఆ గుంట ఎక్కడో చూసినట్టనిపించింది. ఫోన్ తీసి జులై ఫోటోలకు వెళ్లాను. రెండో ఫోటోలో అదే గుంట ఉంది, దాని అంచున నా బూటు ముక్కు ఉంది. బూటు పక్కన, ఇప్పుడు పువ్వున్న చోటనే, రెండాకుల మొలక. వేళ్లతో పెద్దది చేసి చూశాను. ఒకటి కాదు, ఐదున్నాయి. ఎంత మసక కళ్లయినా ఆమె ఒక్క చూపులో పోల్చేది.

ఆ ఫోటోలు ఫోన్‌లో ఉండగానే నేను ఏమీ లేదని చెప్పిన ఆ సాయంత్రం శనివారం. తెల్లవారితే ఆ నెల మొదటి ఆదివారం. పాస్టరయ్య రొట్టె పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాడు.